గిటార్లు మంచం కిందకి చేరకుండా: విజయనగరంలో మా ప్రాజెక్టు డైరీ

జూన్, బడులు తెరిచిన వారం

ముందు ప్రాజెక్టు ఏమిటో రాసి పెట్టుకుంటున్నాను. మా పెద్దది ఆరో తరగతి, చిన్నోడు మూడు, పక్కింటి పాప నాలుగు, మా చెల్లి కొడుకు ఏడు. వేసవి సెలవుల్లో నలుగురికీ గిటార్ మీద మనసు పడింది. సెలవుల్లో మొదలైన సరదా దసరా నాటికి మంచం కిందకి చేరిపోవడం మా వీధిలో చాలా ఇళ్లలో చూశాను. కీబోర్డులు, తబలాలు, ఒక వయొలిన్ కూడా అలాగే దుమ్ము పట్టాయి. ఈ గిటార్లకి ఆ గతి పట్టకూడదు. సంక్రాంతి దాటాక కూడా ఎవరూ చెప్పకుండా పిల్లలే వాటిని చేతిలోకి తీసుకుంటూ ఉండాలి. లక్ష్యం అంతే. గ్రేడ్ పరీక్షలు, సర్టిఫికెట్లు ఈ లెక్కలో లేవు.

నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. గదిలో ఒక్కళ్లే కూర్చుని ఫోన్లో వీడియో చూస్తూ, ఎవరి కోసమో తెలియకుండా వాయిస్తే ఎంతటి ఇష్టమైనా ఎండిపోతుంది. మన ఊరి మనిషి పది అడుగుల దూరంలో వాయిస్తుంటే కళ్లారా చూడాలి, చూసిన దాంట్లో ఏదో ఒక ముక్క ఆ వారంలోనే చేతిలోకి రావాలి. అప్పుడు పిల్లల్ని మనం తొయ్యాల్సిన పని ఉండదు.

విజయనగరంలో ఉంటూ పాటకి కరువేమిటి? గుడిలో భజన ఉంది, చర్చిలో క్వాయర్ ఉంది, చవితి పందిట్లో ఆర్కెస్ట్రా ఉంది, పండక్కి తప్పెటగుళ్లు ఉన్నాయి. అన్నిటికీ మించి కోట పక్కన సంగీత కళాశాల ఉంది. అందుకే పద్ధతి ఇలా అనుకున్నాం: నెలకి ఒక చోటికి వెళ్లి పాట వినాలి, విన్నది వారంలోపు గిటార్ మీదకి రావాలి. పాఠం చెప్పేది చర్చి క్వాయర్లో వాయించే డిగ్రీ కుర్రాడు. పిల్లలకి అన్నయ్య.

జూన్ చివర: గిటార్ల వైద్యం

పాఠం మొదలవక ముందే రెండు గిటార్లు పిల్లల్ని ఏడిపిస్తున్నాయి. చూస్తే తప్పు పిల్లల వేళ్లది కాదు, గిటార్లది.

మొదటిది సైజు. పెద్దవాళ్ల క్లాసికల్ గిటార్లో తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. ఎనిమిదేళ్ల పిల్లవాడు దాన్ని ఒళ్లో పెట్టుకుంటే కుడి భుజం చెవి దగ్గరికి లేస్తుంది, ఎడమ చెయ్యి మొదటి మెట్టుని (గిటార్ మెడ మీద అడ్డంగా వరసగా ఉండే లోహపు కడ్డీల్లో మొదటిదాన్ని) అందుకోవడానికి కర్రలా బిగుసుకుపోతుంది. కూర్చుని మొదటి మెట్టు పట్టుకున్నప్పుడు ఎడమ మోచెయ్యి హాయిగా వంగి ఉంటే ఆ సైజు సరిపోయినట్టు. చిన్నోడికీ పక్కింటి పాపకీ అర సైజు, మా పెద్దదానికి ముప్పావు సైజు, మేనల్లుడికి పూర్తి సైజు కుదిరాయి.

రెండోది తీగలు. పక్కింటి పాప గిటార్ నైలాన్ తీగల కోసం చేసింది. దానికి ఎవరో ఉక్కు తీగలు బిగించేశారు. ఉక్కు తీగల లాగుడు నైలాన్ కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. ఆ లాగుడికి బ్రిడ్జి, అంటే తీగలు కట్టే చెక్క ముక్క, పైకి లేస్తుంది, పాప వేలికొనలు ఎర్రగా కందిపోతాయి. వెంటనే తీయించి నైలాన్ వేయించాం. సెట్టు నాలుగైదు వందల్లో వచ్చింది. పిల్లలకి కొనేవాళ్లు ఈ ఒక్కటీ షాపులోనే అడిగి తెలుసుకుంటే సగం ఏడుపులు తగ్గుతాయి.

మూడోది తీగల ఎత్తు. పన్నెండో మెట్టు దగ్గర ఉక్కు స్కేలు నిలబెట్టి చూస్తే మా పెద్దదాని గిటార్లో సన్న తీగ నాలుగు మిల్లీమీటర్లు దాటి ఉంది. నైలాన్ గిటార్కి అక్కడ సన్న తీగ మూడు, లావు తీగ నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చాలు. బ్రిడ్జిలో కూర్చునే తెల్లటి పలక, అంటే శాడిల్, బయటికి తీసి అడుగువైపు మాత్రమే ఉప్పుకాగితం మీద రుద్దాలి. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడ అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గాలి. పెన్సిల్‌తో గీత గీసుకుని, ఉప్పుకాగితాన్ని వంటింటి గ్రానైట్ బండ మీద పరిచి, శాడిల్ నిటారుగా పట్టుకుని నెమ్మదిగా రుద్దాను. మధ్యమధ్య తీగలు ఎక్కించి చూసుకోవాలి, ఎందుకంటే అరిగింది మళ్లీ పెరగదు. సాయంత్రానికి పెద్దది మొదటి మెట్టు నొక్కి, మళ్లీ నొక్కి, "నాన్నా, నొప్పే లేదు!" అంది.

జూలై: తొలి ఏకాదశి భజన

ఈ డైరీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నెల ఇదే.

మా రామాలయంలో తొలి ఏకాదశికి పొద్దున్నుంచి రాత్రి దాకా భజన జరుగుతుంది. హార్మోనియం, డోలక్, తాళాలు. పిల్లల్ని ఊరికే వినడానికి తీసుకెళ్దామా అనుకుంటే అన్నయ్య ఒక ఆలోచన చెప్పాడు. పిల్లలకి ఇంకా ఒక్క కార్డు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) కూడా సరిగ్గా పడదు, అయినా శ్రుతి, అంటే పాట కింద ఆగకుండా మోగే ఆధార స్వరం, వేయొచ్చు కదా అన్నాడు.

అది ఎలాగో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. శ్రుతికి హార్మోనియం లెక్కలో అంకెలుంటాయి: సి (C) స్వరం ఒకటి, డి (D) రెండు, ఈ (E) మూడు. గిటార్ నాలుగో తీగ డి. అంటే అది రెండు శ్రుతి షడ్జమం (స). అయిదో తీగ ఏ (A), అంటే దానికి కింది పంచమం (ప). లావుగా ఉండే ఆరో తీగ మామూలుగా ఈ (E). దాన్ని కొంచెం వదులు చేసి డికి దించితే కింది షడ్జమం వచ్చేస్తుంది. ఇప్పుడు బొటనవేలితో అయిదో తీగ ఒకసారి, నాలుగో తీగ రెండుసార్లు, ఆరో తీగ ఒకసారి మీటాలి. ప, స, స, స. తంబురా మీటేది కూడా ఇదే వరస. ఎడమ చేతికి అసలు పనే లేదు.

పెద్దదీ చిన్నోడూ ఇంట్లో సాధన చేశారు. వేగం పెరగకుండా, ఒక్కో తీగ మోత పూర్తిగా వినిపించాకే తర్వాతది మీటడం చిన్నోడికి మొదట కష్టమైంది. మీటిన ప్రతిసారీ ఊపిరి వదలమన్నాడు అన్నయ్య. దాంతో కుదిరింది.

గుళ్లో హార్మోనియం పెద్దాయన గిటార్ని కాసేపు ఎగాదిగా చూశారు.

"ఏటి తల్లీ, ఈ పెట్టెతో మాకేటి చేస్తావు?"

"శ్రుతి వేస్తాం తాతగారూ. రెండు."

"రెండా? మాదీ రెండే. ఏదీ, వినిపించు."

పెద్దది మీటింది. ఆయన హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుని తల వంచి విన్నారు. ఆరో తీగ పిసరంత తగ్గి ఉందని, మర కాస్త తిప్పించారు. ఫోన్లో ట్యూనర్ ఆకుపచ్చగానే ఉంది, ఆయన చెవి మాత్రం ఒప్పుకోలేదు. తిప్పాక ఆ రెండు వాయిద్యాలూ ఒకే మోతగా కలిసిపోయిన క్షణం పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు కోసమే ఈ ప్రాజెక్టంతా.

మధ్యాహ్నం ఆడవాళ్ల వంతు. వాళ్లది అయిదు శ్రుతి. అయిదో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించగానే గిటార్ రెండు నుంచి అయిదుకి వెళ్లిపోయింది, వేలి పని అదే. తర్వాతి శనివారం భజనకి పిల్లలే నాకు గుర్తు చేశారు.

ఒక జాగ్రత్త. ఆరో తీగ డికి దించిన గిటార్లో మామూలు జీ (G), ఈ మైనర్ (Em) కార్డులు తేడా కొడతాయి. అందుకే చిన్నోడి గిటార్ని శాశ్వతంగా శ్రుతి గిటార్‌గా ఉంచేశాం. మిగతావి పాఠాలకి.

ఆగస్టు: సంగీత కళాశాల

మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, సుశీల చదివింది ఆ గదుల్లోనే. విద్యార్థుల కచేరీ ఉంటే పిల్లల్ని తీసుకెళ్లి వయొలిన్ వాళ్లకి ఎడమవైపు కూర్చోబెట్టాను. అక్కడైతే ఎడమచేతి వేళ్లు బాగా కనబడతాయి.

వెళ్లే ముందు ఇంట్లో చిన్న గొడవ జరిగింది. గిటార్ మన వాయిద్యం కాదని చుట్టాల్లో ఎవరో అన్నారట, మేనల్లుడు మొహం ముడుచుకుని వచ్చాడు. వయొలిన్ కూడా మనది కాదురా అని చెప్పాను. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. ఇప్పుడు వయొలిన్ లేని కర్ణాటక కచేరీని ఊహించగలమా? ఇంకో కబురు కూడా చెప్పాను. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ అనే పిల్లవాడు నాన్నగారి మాండొలిన్ తీసుకుని, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. అప్పటికి తొమ్మిదేళ్లు. "అంటే నా కంటే ఒక్క ఏడాదే పెద్దా?" అని చిన్నోడు లేచి కూర్చున్నాడు.

ఆ వారం ఇంట్లో సరళీ వరుసలు, అంటే కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే స్వరాల వరసలు, ఒకే తీగ మీద. నాలుగో తీగ ఏమీ నొక్కకుండా మీటితే స. తర్వాత మాయామాళవగౌళ రాగం స్వరాలు వరసగా 1, 4, 5, 7, 8, 11 మెట్ల మీద వస్తాయి, పన్నెండు మీద పై షడ్జమం. రి కీ గ కీ మధ్య మూడు మెట్ల దూరం, గ కీ మ కీ మధ్య ఒక్కటే. ఆ ఎడం కంటికి కనబడటం వల్ల, పాడేటప్పుడు రిషభం ఎందుకంత కిందుగా ఉంటుందో పిల్లలకి తెలిసిపోయింది. మోహన రాగం ఇంకా సులువు: 0 (నొక్కని తీగ), 2, 4, 7, 9, 12. ఈ అయిదు స్వరాలతో పక్కింటి పాప తనంతట తాను ఒక చిన్న వరస కట్టుకుంది. దాన్ని అన్నయ్య కాగితం మీద రాసి గోడకి అంటించాడు.

భాద్రపదం: చవితి పందిరి

రాత్రి ఆర్కెస్ట్రాకి కాదు, సాయంత్రం సౌండ్ చెక్‌కి తీసుకెళ్లండి. పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ మాట చెబుతాను. ఆ సమయంలో జనం ఉండరు. వాయించేవాళ్లు ఒక్కొక్కరుగా పరీక్ష చేసుకుంటారు కాబట్టి బేస్ గిటార్ ఏం చేస్తుందో, రిథమ్ ప్యాడ్ ఏం చేస్తుందో విడివిడిగా వినిపిస్తుంది. మా వాళ్లని చూసి బేస్ వాయించే ఆయన స్టేజి మీదకి పిలిచి, తీగ మీద చెయ్యి పెట్టనిచ్చారు. ఛాతీలో దడదడలాడిందని మేనల్లుడు రెండ్రోజులు చెప్పుకున్నాడు.

రాత్రికి బాక్సుల ముందు పిల్లల్ని నిలబెట్టవద్దు. 85 డెసిబెల్స్ మోతని ఎనిమిది గంటల వరకు భరించవచ్చని పని చోట్లలో లెక్క. అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. అది కూడా పెద్దవాళ్ల కోసం వేసిన లెక్క. మేం వెనక వేపచెట్టు దగ్గర కూర్చుని విన్నాం, అక్కడ పాట కూడా స్పష్టంగా ఉంది.

అక్టోబర్: సిరిమాను పండగ

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లిన మంగళవారం. ఆ రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర పిల్లలతో నిలబడటం కష్టం, అందుకే ముందు రోజుల్లోనే తప్పెటగుళ్లు చూపించాను. గుండెకి కట్టుకున్న రేకు తప్పెట మీద రెండు చేతులూ ఆడుతుంటాయి, కాళ్లకి గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ పాట. గిటార్ కుడి చేతికి ఇంతకంటే మంచి గురువు దొరకడు.

ఇంటికొచ్చాక కార్డులు మానేశాం. ఎడమ అరచేయి తీగల మీద మెత్తగా ఆనిస్తే స్వరం పలకదు, టక్కుమనే దెబ్బ మాత్రం వస్తుంది. ఆ దెబ్బతోనే నడకలు: తకిట, తకధిమి, తకతకిట. తొలి అక్షరం మీద గట్టిగా కిందికి, మిగతావి తేలిగ్గా. మధ్యలో కుర్చీ మీద నాన్నమ్మ కూర్చుని చేత్తో తాళం వేస్తుంది, పిల్లలు చుట్టూ తిరుగుతూ వాయిస్తారు. నడుస్తూ వాయిస్తే తాళం ఒంట్లోకి దిగుతుంది. పెద్దదానికి స్ట్రమ్మింగ్‌లో చాలా రోజులుగా ఉన్న తడబాటు ఈ ఆటతోనే పోయింది.

నవంబర్

పరీక్షలు, ముసురు. గిటార్లు కాస్త నెమ్మదించాయి. తడి తగలకుండా గిటార్లని బయటి గోడ నుంచి లోపలి గోడకి మార్చాను. సంచీలో పెట్టలేదు, హాల్లో అందరికీ కనిపించే చోటే వేలాడదీశాను. సంచీ జిప్పు తీయడం కూడా పిల్లలకి ఒక పనే, ఆ చిన్న అడ్డు చాలు మానేయడానికి. పూటకి పది నిమిషాలు అన్న నియమం చాలు అన్నాడు అన్నయ్య. పెద్ద పిల్లలిద్దరికీ ఎఫ్ (F) కార్డు దగ్గర టెన్షన్ మొదలైంది. వేలు మొత్తం ఆరు తీగల మీద పరిచి నొక్కే బలం ఆ వయసుకి ఉండదు. సన్నగా ఉండే ఒకటి, రెండు తీగలు మొదటి మెట్టు దగ్గర, మూడో తీగ రెండో మెట్టు దగ్గర నొక్కి, ఆ మూడు తీగలే మీటితే అది కూడా ఎఫ్ఫే. పెద్ద కార్డు ఏడాది తర్వాత వచ్చినా నష్టం లేదు.

డిసెంబర్: సెమీ క్రిస్మస్

మన ఊళ్లలో గిటార్‌కి అసలైన ఇల్లు చర్చే అని నా అభిప్రాయం. ప్రతి ఆదివారం జనంతో కలిసి పాడే చోటు, వాయించేవాళ్లకి సెలవుండదు. పాస్టర్ గారిని అడిగి, సెమీ క్రిస్మస్ పాటల సాధనకి మా నలుగురినీ తీసుకెళ్లాడు అన్నయ్య. జీ, సీ, డీ, ఈ మైనర్, ఈ నాలుగు కార్డులతో చాలా పాటలు నడిచిపోయాయి. పిల్లలు రెండో వరసలో క్వాయర్ పక్కన నిలబడ్డారు.

సాధనలో పక్కింటి పాప సీ నుంచి డీకి మారేలోపు ఆగిపోయి, మళ్లీ ఎక్కడ కలవాలో తెలియక బిక్కమొహం వేసింది. అన్నయ్య పక్కకి తీసుకెళ్లి, "ఎడమ చెయ్యి తప్పినా పర్లేదు బంగారం, కుడి చెయ్యి ఆపకు. జనం పాడుతూనే ఉంటారు, నువ్వు వాళ్లతో నడు" అన్నాడు. కార్డు మారేటప్పుడు వేళ్లు ఆలస్యమైతే వదిలేసిన తీగలే మీటమని చూపించాడు. అక్కడి నుంచి పాప ఎక్కడా ఆగలేదు. వందమంది గొంతుల కింద తన గిటార్ మోత ఉందని తెలిసిన పిల్లకి, ఇంటికొచ్చాక సాధన చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

జనవరి

సంక్రాంతి నెల. పొద్దున్నే వీధిలో హరిదాసు తంబురా, చిడతలు వినబడగానే చిన్నోడు గేటు దాకా పరిగెత్తి, ఆయన వీధి చివరికి వెళ్లేవరకు విని వచ్చాడు. గిటార్ తీసుకుని కేపోని ఒక్కో మెట్టూ జరుపుతూ, మూడో మెట్టు దగ్గర ఆగి "ఇది నాన్నా, ఆయనది నాలుగు శ్రుతి" అన్నాడు. ఆ లెక్క వాడికి ఎవరూ చెప్పలేదు. మర్నాడు హరిదాసు వచ్చినప్పుడు గేటు లోపల కూర్చుని మెల్లగా కలిపి చూశాడు, సరిపోయింది. జూలైలో పెద్దాయన చెవి చూసి ఆశ్చర్యపోయిన పిల్లవాడేనా అని నాకు ఒళ్లు పులకరించింది.

పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన. ఘనరాగ పంచరత్నాలు అనే త్యాగరాజు అయిదు కీర్తనలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఉంటాయి, అయిదూ ఆది తాళమే. కాబట్టి పాట తెలియని పిల్లలు కూడా మొదటి నుంచి చివరి దాకా చేత్తో తాళం వేసుకుంటూ కూర్చోగలిగారు. చెయ్యి ఆడుతుంటే పిల్లలకి విసుగు రాదు.

ఫిబ్రవరి: ఇప్పటి పరిస్థితి

పెద్దది భజనకీ చర్చి పాటలకీ రెండింటికీ వాయిస్తోంది. ఇంట్లో రోజూ రాత్రి భోజనాల ముందు నాన్నమ్మకి ఒక పాట. పక్కింటి పాప మోహనం వరస ఇప్పుడు రెండు తీగల మీదకి పెరిగింది. చిన్నోడు శ్రుతి గిటార్ వదలడు, మెట్లు నొక్కడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాడు.

మేనల్లుడు గిటార్ ఆపి తబలా క్లాసులో చేరాడు. తప్పెటగుళ్లు చూసిన దగ్గర్నుంచి వాడి మనసు దరువు మీదే ఉంది. మా చెల్లి బాధపడింది, నేను మాత్రం సంతోషించాను. ఇప్పుడు మా బృందానికి తాళం వేసే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. వాడి పూర్తి సైజు గిటార్ వచ్చే ఏడాదికి పెద్దదానికి సరిపోతుంది.

ఉగాదికి వీధిలో అరగంట కార్యక్రమం చేద్దామని పిల్లలే అడిగారు. చెయ్యాల్సిన పనులు: రెండు గిటార్లకి కొత్త నైలాన్ తీగలు వెయ్యాలి, కొత్త తీగలు సాగి నిలకడకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి వారం ముందే. హార్మోనియం పెద్దాయనని ఒక భజన పాటకి పిలవాలి. ఆయన సరేనంటే అది రెండు శ్రుతిలోనే. మైకు ఒక్కటి చాలు, బాక్సులు వద్దు. అన్నయ్యకి డిగ్రీ పరీక్షలు దగ్గర పడ్డాయి, ఆయన రాలేని ఆదివారాలు పెద్దది చిన్నవాళ్లకి సరళీ వరుసలు చెబుతుంది. మొదటి పాఠం ఈ ఆదివారం పది గంటలకి, మా మేడ మీద.